కారు నోరు ఎవరు నొక్కారు?

పామర్రు శివారులో ఒక రేకుల ఇంటి వసారా. మంచం మీద కాలికి పిండికట్టుతో కారు డ్రైవరు యేసుకుమార్, గడప మీద అతని తల్లి సువార్తమ్మ, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కారు యజమాని గంగాప్రసాద్. మొన్నటి ప్రమాదంలో గంగాప్రసాద్ తల్లి సంపూర్ణమ్మ చనిపోయింది.

"ఆ క్లిప్పు నువ్వే అంటించావని చెప్పు యేసూ. అంతే. పెద్ద మాటేం కాదు."

"నేను అంటించలేదు కదండీ."

"అంటించావని నేనూ అనట్లేదు. అంటించానని చెప్పమంటున్నాను."

"ఆ రెండిటికీ తేడా ఏంటయ్యా ప్రసాదుబాబూ?"

"నువ్వుండు సువార్తమ్మా. మేం మాట్లాడుకుంటున్నాం."

"నా ఇంటికొచ్చి, నా కొడుకు మంచం పక్కన కూర్చుని, నన్ను ఉండమంటావు! ఇక్కడే ఉన్నా. ఎక్కడికీ పోను. ఇన్నేళ్ళు నీ దగ్గర బండి తోలాడు, మా పేటలో ఏ ఇల్లో కూడా తెలీదు నీకు. ఇయ్యాల అడుక్కుంటూ వచ్చావు."

"అమ్మా, ఆగవే. మీరు చెప్పండి. అసలు ఎవరడుగుతున్నారండీ?"

"పద్మక్క. ఇంకెవరు? నిన్న షెడ్డుకెళ్ళి కారు చూసింది. ముందు సీటు బెల్టు దూర్చే చోట క్లిప్పు కనపడింది. లాగింది. రాలేదు. గోటితో గీకింది. జిగురు. అక్కడే, ఆ నూనె మరకల్లోనే కూలబడి ఏడ్చింది. మా అమ్మని ఎవడు చంపాడురా అని."

"ఏం క్లిప్పురా అది?"

"బెల్టు పెట్టుకోకపోతే కారు టింగు టింగుమని మోగుద్ది కదే. బెల్టు బదులు ఆ ఇనపముక్క దూర్చితే, పెట్టుకున్నారనుకుని నోరు మూసుకుంటది."

"అంటే కారుకి అబద్ధం చెప్పడం."

"అంతేనే."

"కారుకి చెప్పింది చాలక ఇప్పుడు పోలీసులకి చెప్పాలా?"

"సువార్తమ్మా, నన్ను పూర్తి చెయ్యనియ్యి..."

"మీరు అక్కగారికేం చెప్పారండీ?"

"ఏం చెప్తాను..."

"ప్రసాదుగారూ. ఏం చెప్పారు?"

"డ్రైవరు పెట్టుంటాడన్నాను."

"పెట్టుంటాడన్నారా, పెట్టాడన్నారా?"

"అలా ఏడుస్తుంటే ఏమన్నానో నాకేం గుర్తురా! నోటికొచ్చింది అనేశాను."

"నోటికి నా కొడుకు పేరే వచ్చిందా?"

"అది ఊరుకుంటుందనుకున్నాను సువార్తమ్మా! ఊరుకోలేదు. పొద్దున స్టేషన్లో కంప్లయింటు ఇచ్చింది. అంటించినవాణ్ణి వదలొద్దని. సాయంత్రం ఎస్సై వస్తాడు, నీ మాట రాసుకోడానికి. అక్క కూడా వస్తానంది."

"క్లిప్పు మీద కేసేంటండీ? చెరుకు ట్రాక్టరు సంగతేంటి? వెనక లైటు లేదు, ఒక్క ఎర్ర గుడ్డముక్క కూడా లేదు. ఆ మంచులో రోడ్డు మీద ఆపేసి టీకి పోయాడు..."

"వాడి మీద ఎలాగూ ఉంది. ట్రాక్టరుది వేరు, క్లిప్పుది వేరు అంటోంది అక్క."

"అంటే తెలిసి చేసినట్టవుద్ది. జైల్లో పెడతారండీ."

"లాయర్ని నేను పెడతాను. బెయిలు నేను చూస్తాను. నీ కాలు బాగయ్యేదాకా..."

"అంటించింది తమరు. జైలుకి మావోడు. లాయర్ని మాత్రం తమరు పెడతారు! ఎంత ధర్మాత్ముడివయ్యా!"

"నేను అంటించానని ఎవరు చూశారు?"

"నేను చూశానండీ. మీ పోర్టికోలోనే. నన్ను టార్చి పట్టుకోమన్నారు. పట్టుకున్నాను కూడా. అంటుకుందో లేదో ఊపి చూశారు మీరు."

"అది కాదురా యేసూ... అప్పుడు పరిస్థితేంటి? కారు పూజ రోజు నుంచీ అమ్మకి ఆ మోత అంటే పడేది కాదు. నీకు తెలుసు."

"ఆ రోజు బుట్ట ముందు సీట్లో పెట్టొద్దన్నానండీ. కొబ్బరికాయల బరువుకి మనిషి కూర్చున్నారనుకుని కూస్తది అన్నాను. పూజ సామాను కింద పెడితే అపచారమన్నారు అమ్మగారు."

"అన్నది."

"నిమ్మకాయలు తొక్కించడానికి స్టార్ట్ చేశానో లేదో, మొదలెట్టింది. టింగు టింగు టింగు. మంగళగిరి గుడి ముందు, పంతులుగారు హారతి పట్టుకుని ఆగిపోయారు."

"అపశకునం అంది అమ్మ. కొత్తకారు ఏడుస్తోందిరా అంది."

"బుట్టకి బెల్టు పెడితే ఆగిపోయేదండీ. పెట్టబోయాను కూడా. అందరూ నవ్వారు."

"నవ్వాం. కొబ్బరికాయలకి బెల్టు పెడతాడంట వీడు అని."

"తిరిగొస్తూ ఆటోనగర్లో ఆగారు. మీరే దిగారు."

"దిగాను! అయితే? నేనొక్కణ్ణే దిగానా? విజయవాడ వెళ్ళి చూడు సువార్తమ్మా. షాపు ముందు తాళంచెవుల్లా గుత్తులు గుత్తులు వేలాడేసి అమ్ముతున్నారు. పెద్ద పెద్ద ఆఫీసర్ల కార్లలో ఉన్నాయి. దేవుడి నామాలున్నవి కూడా ఉన్నాయి. మాదీ అదే. ఏరి మరీ తీసుకున్నాను."

"దేవుణ్ణి అడ్డంపెట్టి మరీ దాని నోరు మూశావన్నమాట."

"నువ్వు ఊరికే మాటలనకు. ఎయిర్‌బ్యాగులున్న కారని కొన్నాను నేను. ఆరున్నాయి అందులో! మా అమ్మ కోసమే కొన్నాను!"

"బెల్టు లేకుండా ముందుకి తూలితే ఆ బ్యాగే ఎదురొచ్చి కొడుతుందంటండీ. ఆస్పత్రిలో డాక్టరుగారు అన్నారు."

"నాకెవడు చెప్పాడు? అమ్మేవాడు చెప్పాడా? కొనేటప్పుడు పాటలు ఎలా పెట్టాలో చెప్పాడు, సీట్లు ఎలా చల్లబడతాయో చెప్పాడు. ఇది చెప్పలేదే!"

"కారు చెప్పింది కదండీ. కూర్చున్నప్పుడల్లా చెప్పింది. నేనూ చెప్పాను. అమ్మగారూ బెల్టు అంటే, పట్టుచీర నలుగుద్దిరా అనేవారు. గుండెల మీద ఎవరో చెయ్యేసినట్టుంటది అనేవారు. పోనీ వెనక కూర్చోండమ్మా అంటే వాంతులొస్తాయనేవారు. అందుకే నేను క్లిప్పు పీకి డోర్లో పడేసేవాణ్ణి. మోత భరించలేకన్నా పెట్టుకుంటారని."

"అదే! అదే అంటున్నా! నువ్వు పీకడం, అది మోగడం, అమ్మ నాకు ఫోన్ చేసి తిట్టడం. ఒకసారి బ్యాంకు మేనేజరు ముందు కూర్చుని ఉన్నా, ఫోన్లో అమ్మ, వెనకాల టింగు టింగు. నువ్వు మాటిమాటికీ పీకకపోతే నేను అంటించేవాణ్ణే కాదు!"

"అదిగో! తమ నోటితో తమరే అన్నారు."

"ఏమన్నాను?"

"అంటించానని. ఒరే యేసూ, విన్నావు కదా. సాయంత్రం ఎస్సైకి ఈ మాటే చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. భయమేంట్రా నీకు?"

"చెప్పనియ్యి సువార్తమ్మా. చెప్పుకోనియ్యి. నేనూ చెప్తాను. నిద్రపోయి గుద్దాడని చెప్తాను. కాదనేవాళ్ళెవరున్నారు? కారులో రెండో మనిషి లేదుగా!"

"ప్రసాదుగారూ!"

"మరి నువ్వెలా బతికావురా? నీ బెల్టు నువ్వు పెట్టుకున్నావు. శుభ్రంగా పెట్టుకున్నావు. పక్కన ముసలావిడ ఉత్తినే కూర్చుంటే నీకు స్టీరింగు ఎలా తిరిగింది?"

"చొక్కా విప్పి చూపించరా ఆ మచ్చ. భుజం నుంచి డొక్క దాకా నల్లగా కమిలిపోయింది. అది చూసి కుళ్ళుకుంటున్నాడు, నువ్వు బతికావని."

"వద్దమ్మా. ఊరుకో."

"ఎందుకూరుకోవాలి? ఆ తుక్కు తయారుచేసినోడు ఉన్నాడు, నడిరోడ్డు మీద అమ్మినోడు ఉన్నాడు, కొన్నోడు ఉన్నాడు, అంటించినోడు నా ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. అమ్ముతుంటే చూస్తా పోయిన పోలీసులున్నారు. వీళ్ళెవరూ దొరకరు. మంచంలో కాలిరిగి పడుకున్నోడు దొరికాడు, ఎటూ పరిగెత్తలేడని!"

"నిద్రపోయాడని నేను అనను యేసూ. కోపంలో అన్నాను. అనను. ఒట్టు."

"మీరు అంటే మాత్రం నేనేం చెయ్యగలనండీ?"

"అనను అంటున్నాను కదా. చూడు, నేను పోలీసులకి భయపడి రాలేదు. పద్మక్క ఒక్కతే ఉంది నాకు. అమ్మని నేనే చేజేతులా... అని తెలిస్తే అది నా మొహం చూడదు. పెద్దకర్మకి ఇంట్లో ఉండదు. అంత మొండిది. నీకు తెలుసుగా దాని సంగతి."

"తెలుసండీ."

"నీకు అమ్మ ఉంది. నాకు లేదు. నా అక్కని నాకు మిగుల్చురా."

"నాకు నా కొడుకుని ఎవరు మిగులుస్తారయ్యా? నన్ను చూసి చెప్పు, ఎవరు?"

"లైసెన్సు పోకుండా చూస్తాను సువార్తమ్మా. తర్వాత నా దగ్గరే పని. నా కంఠంలో ప్రాణం ఉండగా..."

"తల్లిని చంపినోణ్ణి పనిలో పెట్టుకున్నాడేంటని మీ అక్క అడగదా? అడుగుద్ది కదా? అప్పుడేం చెప్తావు?"

"అప్పటికి... అప్పుడు చూద్దాం."

"చెప్తానండీ."

"ఏంటి యేసూ?"

"నేనే అంటించానని చెప్తాను."

"ఒరే! బుద్ధుందా నీకు?"

"ఏం చెయ్యమంటావే? కాదంటే నిద్రపోయాడంటారు. అంటించింది ఆయనంటే, ఓనరు మీదకి తోస్తున్నాడంటారు. టార్చి పట్టుకున్నావు కదా, అప్పుడెందుకు ఊరుకున్నావంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఊరుకున్నాను కదే. ఉద్యోగం కోసమే ఊరుకున్నాను."

"నేను చెప్తా. సాయంత్రం రానీ. నేను చెప్తా ఆ పద్మమ్మకి."

"తల్లివి, కొడుకు కోసం అబద్ధమాడుతున్నావంటారు. పోవే, లోపలికి పో."

"పోను."

"యేసూ, మరి ఒకసారి అనుకుందామా? అంటే... తడబడకుండా. ఎస్సై అడుగుతాడు, ఎందుకంటించావు అని."

"మోగితే నాకు చిరాకండీ."

"ఆ. అమ్మగారికి తెలుసా అంటాడు."

"తెలీదండీ."

"మీ ఓనరుకి?"

"తెలీదండీ."

"కొంచెం ఆగి చెప్పు. అంత గబుక్కున చెప్తే బట్టీపట్టినట్టుంటుంది."

"ఓనరుగారికి... తెలీదండీ."

"అలా. జిగురెక్కడిది అంటే?"

"చెప్పు తెగితే అతికించుకోడానికి తెచ్చుకున్నానండీ."

"బాగుంది. అదెక్కడ తట్టింది నీకు?"

"మీరు అంటించింది నా జిగురే కదండీ. నా చెప్పులకి తెచ్చుకున్నది. డాష్‌బోర్డులో ఉంటే తీశారు."

"ఇంక వెళ్ళు బాబూ. నీ పని అయింది కదా. లే, పో."

"వెళ్తాను సువార్తమ్మా. యేసూ... ఒక్క మాట."

"చెప్పండి."

"అమ్మ ఏమన్నా అన్నదా? ఆ రోజు. అభిషేకానికి పోయే దారిలో."

"ఏం లేదండీ."

"పామర్రు నుంచి ఉయ్యూరు దాకా ఏమీ అనకుండా ఉందా? మా అమ్మా? అభిషేకం గురించో, నా గురించో, ఏదో ఒకటి..."

"మంచు గురించి అన్నారండీ."

"ఏమంది?"

"ముందేం కనపడట్లేదురా అన్నారు. భయంగా ఉంది యేసూ అన్నారు."

"భయంగా ఉందని అమ్మ అన్నదా? అమ్మ ఎప్పుడూ భయపడలేదురా. తర్వాత?"

"తర్వాతేం లేదండీ. మీరు వెళ్ళండి."

"ఏదో దాస్తున్నావు. నా తల్లి ఆఖరి మాటరా. నాకు చెప్పవా?"

"వద్దండీ. మీరు ఇంటికి పోండి. నేను చెప్తానన్నది చెప్తాను సాయంత్రం."

"నువ్వు చెప్పకపోతే నేను కదలను."

"మీరు మోయలేరండీ."

"చెప్పరా!"

"బండి పక్కకి ఆపమన్నారండీ."

"ఆపి?"

"బెల్టు పెట్టమన్నారు. స్క్రూడ్రైవరు పెట్టి ఆ క్లిప్పు పెకలించబోయాను. చెయ్యి తెగింది కానీ అది ఊడలేదు. పోనీలేరా, అభిషేకానికి ఆలస్యమవుద్ది, నేనే పట్టుకుంటాలే అన్నారు. గుద్దేదాకా ఆ బెల్టు గుండెల మీదకి లాక్కుని, రెండు చేతుల్తో పట్టుకునే కూర్చున్నారండీ."