లచ్చవ్వ మక్కలకు మా ఇంటి బొగ్గు

"తాతా, మక్కగింజలకు ఆ నల్లపొడి పట్టిచ్చుడు నీకెవరు నేర్పిండ్రు?"

నేర్పుడా? నేర్పుడు కాదు బిడ్డా, నెత్తి మీద మొట్టికాయ పడ్డది. ఫోన్ల రికార్డు చేస్తున్నవా? చెయ్యి చెయ్యి. గని మీ నాన్నకు ఇనిపియ్యకు, ఏండ్లకేండ్లు నవ్వుతడు.

మీ లచ్చవ్వ లేదూ, నా చెల్లె. ఆమె పెనిమిటి, మా బావ, పోయిన యేడు... కాదు కాదు, పోయినంక రెండో యేడు, ఎకరం చేన్ల మక్కలేస్త అన్నది. అంతకుముందు విత్తనం ఏసుడంతా బావనే. తన చేత్తోని ఏసుడు అదే మొదలు. ఫోన్ చేసి, "అన్నా, మీ ఖని బజార్ల ఎరువుల దుకాణంల ఒక పొడి ఉన్నదట. బెల్లంనీళ్ళల్ల కలిపి గింజలకు పట్టిస్తే యూరియా తక్కువ పడుతదట. తీసుకరా" అన్నది.

పోయిన. దుకాణపాయన చూపెట్టిండు. నల్లగ, మెత్తగ. రెండు వేళ్ళతోని నలిపి చూస్తే ఏందది? బొగ్గు! ముప్పయ్యేండ్లు బొగ్గుబాయిల తట్టా చెమ్మసు పట్టి బొగ్గు ఎత్తిన చెయ్యి, నాకు బొగ్గు తెల్వదా? "కాకా, ఈ పొడిల కంటికి కనబడని జీవులుంటయి, గాలిల నత్రజనిని పట్టి యేర్లకు ఇస్తయి, ఎండకు పెట్టకు సచ్చిపోతయి" అంటడు. నాకు నవ్వొచ్చింది. బొగ్గు తవ్వినోనికే బొగ్గు అమ్ముతున్నవా అని, ఆడనే పెట్టి వచ్చిన.

గప్పుడు మన ఇంటెనుక బొగ్గుకుప్ప ఉండె. గ్యాసు వచ్చినా మీ అవ్వ నీళ్ళు బొగ్గులపొయ్యి మీదనే కాగబెట్టేది. దంచిన. పాత చీరెగుడ్డల జల్లించిన, చెల్లె కోసం కదా, సన్నగుండాలె. కవర్ల పోసుకోని ఊరికి పోయిన. ఇద్దరం కూసోని పట్టిచ్చినం. బెల్లం గప్పుడు కిలో ఎంతనో... యాది లేదు, పోనీ. ఆమె పొడిని నమ్మి యూరియా సగమే ఏసింది.

నెల దాటినంక పోతే చేనంతా పసుపుపచ్చగ. పక్కన సమ్మక్క చేను, ఆమె అసలు పొడి పట్టిచ్చింది, సగం యూరియాకే నిగనిగలాడుతున్నది. లచ్చవ్వ గట్టు మీద కూసోని అరచేతులు చూసుకుంటున్నది. "పొడి మంచిదే అన్నా, సమ్మక్కకు పనిచేసింది. నా చెయ్యే మంచిది కాదు. మొగడు పోయినదాని చెయ్యి. వచ్చే యేడు కౌలుకిస్త, ఇగ ఏయ."

నేను పోయి పక్కన కూసున్న బిడ్డా. "నీ చెయ్యి కాదే, అది మా ఇంటి బొగ్గు, నేనే దంచి జల్లించిన" అని చెప్పిన. తిట్టలే. "ఇన్ని దినాల సంది నన్ను నేనే తిట్టుకుంటున్న గదా అన్నా" అన్నది, ఏడ్చింది. నేను గూడ ఏడ్చిన, నీకేం దాచుడు. జరసేపైనంక, "బొగ్గును మల్ల జల్లించి గూడ తెచ్చినవా?" అని నవ్వింది.

యూరియా తెచ్చి నేనే మొదలు మొదలుకు ఏసిన. పంట తేరుకున్నది గని పూరాగ కాదు. దుకాణపాయనను మల్ల అడిగితే, బొగ్గు ఆ జీవులకు ఇల్లట, అండ్లనే బతుకుతయట. నేను ఇల్లు చూసి లోపల ఎవరూ లేరనుకున్న.

మరుసటి యేడు అసలు ప్యాకిట్లు తెచ్చిన. బస్సుల నీడదిక్కు సీటు అడుక్కోని, తడిగుడ్డల చుట్టి, పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్ళె పెట్టుకోని పోయిన. లచ్చవ్వ గింజల గంప నా ముంగట పెట్టి, "నువ్వే పట్టియ్యి అన్నా" అన్నది. అంత చేసినోని చేతిలనే మల్ల పెట్టింది సూడు. నేను పట్టియ్యలే. "నువ్వే పట్టియ్యాలె, నువ్వే ఏయాలె. నేను బెల్లంనీళ్ళు పోస్త" అన్న.

చేను ఎట్లొచ్చిందో నేను చెప్పుడెందుకు? తర్వాతి యేడు సమ్మక్క తన విత్తనాల గంప ఎత్తుకోని మా చెల్లె ఇంటికి వచ్చింది. "లచ్చవ్వా, ముందుగాల నువ్వు చెయ్యి పెట్టు, ఎనుక నేను పట్టిస్త" అన్నది.

అగో, మీ లచ్చవ్వ మొఖం గప్పుడు చూడాల్సుండె... సరే, ఇగ బంజెయ్యి. బువ్వ తిన్నవా? సల్లగుండు బిడ్డా, నువ్వేది ఏసినా మొలవాలె.