పాపమ్మ కోళ్ల కేసు

వీరాస్వామి నోరు విప్పాడంటే వినేవాళ్లకి కాలక్షేపమేమో గానీ, ఆ ఆదివారం మధ్యాహ్నం పాపమ్మకి మాత్రం ఒళ్లు మండిపోతోంది. తెల్లారితే దీవిలోని సాంత్ర్ ద ఫ్లాక్ ఊరి కోర్టులో ఆమె మీద కేసు. కోళ్లని కాళ్లకి తాడు కట్టి, తలకిందులుగా బండికి వేలాడదీసి సంతకి పంపిందట. అలా పంపడం నేరమని, గంపలో నిలబడేంత చోటిచ్చి తీసుకెళ్లాలని చట్టం వచ్చి ఏడాది దాటింది. నేరం రుజువైతే సంతలో కోళ్లమ్ముకునే లైసెన్సు పోతుంది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆ కోళ్లే ఆమెనీ, ఆమె ముసలి అత్తనీ బతికిస్తున్నాయి.

ఇంతా చేసి పాపమ్మ ఆ కోళ్లని వేలాడదియ్యనే లేదు. బుధవారం నాడు శుభ్రంగా రెండు గంపల్లో సర్ది, వీరాస్వామి ఎడ్లబండికి ఎక్కించి, మనిషికి చోటు లేదంటే తను ముందు నడిచి వెళ్లింది. దారిలో ఈ పెద్దమనిషికి ఎవరివో గుమ్మడికాయలు తగిలాయి. వాటికి గంపలు కావలసి, కోళ్లని బయటికి లాగి, పాత అలవాటు కొద్దీ కాళ్లు కట్టి బండి వెనక వేలాడేశాడు. తలకిందులుగా ఉంటే కోడి కిక్కురుమనదని ఆయనగారి నమ్మకం. ఊరి మొదట్లో కానిస్టేబుల్ రోజర్ బండి ఆపి, ఈ కోళ్లెవరివని అడిగితే "పాపమ్మవి" అన్నాడు. పాపం, అబద్ధమాడలేదు! కోళ్లెవరివైతే కేసు వాళ్ల మీదే. తన గంపల నిండా గుమ్మడికాయలు చూడగానే పాపమ్మకి సంగతంతా బోధపడింది. బోధపడితే ఏం లాభం, సాక్ష్యం చెప్పేవాడుండాలి కదా.

మూడు రోజుల్నుంచి అతని చుట్టూ తిరుగుతోంది. ఇవాళ వానలో తడుస్తూ చెరుకు తోట కూలీల కాంపు చివర చీనావాడి కొట్టు అరుగు మీద పట్టుకుంది. మిరపకాయలమ్మే అమ్మాయమ్మ, చెరుకు కొట్టే ఎంకన్న, మరో నలుగురూ అక్కడే చేరి ఉన్నారు.

"మావా, రేపు కోర్టుకొచ్చి ఉన్నమాట సెప్తావా, నేదా? ఒక్క ముక్కలో సెప్పు."

"కోర్టు నాకు కొత్తేటే పాపమ్మా?" అని వీరాస్వామి గోడకి చేరగిలబడ్డాడు. గోడకి చేరగిలబడ్డాడంటే ఇక గంటకి తక్కువ కాదు.

"నిరుడు ఈ సట్టం వొచ్చిన కొత్తలో నాను క్యూర్‌పైప్ సంతకి పన్నెండు కోళ్లు పట్టుకెల్లినాను. ఎల్తంటే ఎల్తంటే, దారి పొడుగునా జనం నన్ను సూసి, వీరాస్వామొచ్చాడ్రా, మా కోళ్లూ అట్టుకెల్లమని ఇచ్చినోళ్లు ఇచ్చినట్టే, ఫీనిక్స్ ఊరు దాటేసరికి అవి రెండొందలయినాయి."

"రెండొందలు ఒక బండికే?" అన్నాడు ఎంకన్న.

"బండికి సుట్టూ కట్టినాన్రా! సక్రాలు కనిపిస్తే ఒట్టు. అయితే అక్కడ పొగమంచు. ఎద్దు తోక ఎద్దుకే కనిపించదు. ఆ మంచులో ఏటయిందో ఎరికేనా?"

"ఎరికే. నా కోళ్లు ఠానాలో మాడతన్నాయి," అంది పాపమ్మ.

"ఉండవే, మంచి పట్టులో ఉంది కత. సలికి ఆ రెండొందల కోళ్లూ ఒక్కసారి రెక్కలు కొట్టినాయి. బండి లేసింది! ఎద్దుల కాళ్లు నేలనొగ్గీసినాయి. నాను కిందకి సూద్దును గదా, సెరుకు తోటలు పచ్చడి బద్దల్లాగ, మిల్లు గొట్టాలు పొగసుట్టల్లాగ."

"ఓలమ్మో," అంది అమ్మాయమ్మ, నవ్వాపుకుంటూ.

"ఎగిరి ఎగిరి ఎక్కడ దిగినాననుకున్నావు? కోర్టు కప్పు మీద! మేజిస్ట్రేటు దొర బయటికొచ్చి, కోళ్లని తలకిందులుగా ఎందుకు కట్టినావన్నాడు. దొరా, తలకిందులుగా ఉన్నది అవా, మనమా, పైనుంచి సూస్తే తెలుస్తాది అన్నాను. సట్టం పుస్తకం తిరగేసినాడు, మడతేసినాడు, జవాబు దొరికితేనా! ఆకరికి కోళ్లనే సాక్ష్యం సెప్పమన్నాడు."

"సెప్పినాయా?" ఎంకన్న అడిగాడు.

"రెండొందలూ లైనుగా నిలబడి, మాకు ఏ బాధా నేదు బాబూ, వీరాస్వామి సెయ్యి తగిలితే సాలు అన్నాయి. పరాసు దొరల బాసలో! దొర కళ్లంట నీళ్లు. గవర్నరు దొరకి కబురెళ్లింది. ఆయన గుర్రబ్బండి మీద..."

ఇక పాపమ్మ వల్ల కాలేదు. ఇతగాడి కోళ్లేమో సాక్ష్యాలు చెప్తాయి, ఇక్కడ ఒక మనిషి సాక్ష్యం చెప్పడానికి మూడు రోజుల బట్టి నోరు పెగలడం లేదు! కోపానికి ఏడుపు కూడా తోడొచ్చింది.

"సాలు మావా, సాలు! అవతల నా బతుకు పోతంది. సమన్లిస్తా రోజరు ఏటన్నాడో ఎరికేనా? ఆ ముడులు ఇప్పలేక కత్తెట్టి కోసినాడట. ఇరవయ్యేళ్ల ఉజ్జోగంలో ఇలాంటి ముడి సూడనేదు, గట్టి సెయ్యమ్మా నీదని పొగిడినాడు. సెయ్యని పనికి తిట్లూ నాకే, పొగడ్తలూ నాకే! కట్టుకోనా ఆ పొగడ్తని కొంగున?"

వీరాస్వామి గోడ వదిలి ముందుకొచ్చాడు. మొహం కందగడ్డయింది.

"నీ సెయ్యా? నీ సెయ్యేటే? ఆ ముడి మా తాత సముద్రం మీద ఓడలో నేర్సుకున్నాడు. మా అయ్యకి నేర్పినాడు, అయ్య నాకు నేర్పినాడు. ఈ దీవి మొత్తం మీద మరొకడికి రాదు! బుధవారం ఆ తొమ్మిది కోళ్లనీ గంపల్లోంచి తీసి, మామిడి సెట్టు కాడ కూకుని, ఒక్కో కాలూ సూసి సూసి కట్టింది నాను! నడమంత్రంగా నీకెందుకొస్తాదే ఆ పేరు?"

పాపమ్మ ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఇన్ని కోతల్లోంచి ఒక్క నిజం ఇలా జారిపడుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

వీరాస్వామికీ సంగతి తట్టింది. "అంటే... కతలో ఊపుకి అన్నాను గానీ..."

"కతలో రెండొందలు గదా, తొమ్మిదెలాగయినాయి మావా?" అన్నాడు ఎంకన్న మెల్లగా. "బుధవారం, మామిడి సెట్టూ కతలో నేవే."

అమ్మాయమ్మ మిరపకాయల గంప పక్కకి జరిపి లేచింది. "నాను ఇన్నాను. కోర్టులో అడిగితే నాను సెప్తాను." మిగతా నలుగురూ తలలూపారు.

"ఒలే, ఆ కోతలన్నీ కోర్టులో సెప్తారేటే? నా పరువేటవ్వాలి?" వీరాస్వామి గొంతు సన్నబడింది.

"ఎగిరిన బండి ఊసు మేం ఎత్తం మావా, అది నీకే ఒగ్గేస్తాం," అంది పాపమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ. "పొద్దున్నే బండి కట్టు. నీతో ఏడుగురం వొస్తాం. కోర్టు దాకా నేల మీదే తోలు. అందరికీ కాళ్లు సాపుకునేంత సోటియ్యి."