ప్రియమైన చుక్కలు

ఉదయగిరిలో గుమాస్తాగా పనిచేసే ఆయన శనివారం బస్సుకు ఆత్మకూరులోని ఇల్లు చేరాడు. భార్య కాఫీకి బదులు, ఆయన ఆ వారం పంపిన ఉత్తరాన్నే తెచ్చి చేతిలో పెట్టింది.

“ఇదంతా మిషన్ మీద కొట్టుండాదే. ఎవరు కొట్టినారు?”

“మా కొత్త టైపిస్టు సుగుణమ్మ. వారంవారం నేను అదే ఉత్తరం రాస్తుంటే చూసి, స్టెన్సిల్ కట్ చేసి కాపీలు తీసిచ్చింది. ఖాళీలు నింపి పోస్టులో వేస్తే చాలు.”

“నాకు రాసే ఉత్తరాలు ఆమె చదవతాదా?”

“ఆఫీసు ఫారాలన్నీ ఆమే తయారుచేస్తాది. చానా తెలివైంది.”

“తెలివి కనపడతానే ఉండాది. ‘ప్రియమైన’ అని కొట్టింది ఆమె. పక్కన చుక్కల మీద నా పేరు రాసింది మాత్రం మీరు.”

“పేరే గదా ముఖ్యం.”

“మిగిలిన కాపీల్లో ఎవరి పేర్లు రాస్తారు?”

“అన్నిట్లో నీదే. నాకు ఇంకెవరుండారు?”

“అట్లయితే నా పేరు కూడా మిషన్ మీదే కొట్టుండొచ్చు గదా. ఖాళీ ఎందుకు పెట్టింది?”

ఆయన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

“ఇదిగో కాగితం, పెన్ను. ఆ ‘ప్రియమైన’ ఏదో మీ చేత్తో రాయండి.”

ఆయన బుద్ధిగా రాసిచ్చాడు. ఆమె మొహం విప్పారబోయి, మధ్యలోనే ఆగిపోయింది.

“పక్కన మళ్ళీ ఈ చుక్కలేంది?”

“ఆఫీసు అలవాటు. చెయ్యి దానంతటదే పెట్టేసింది.”

“ఆ పెన్ను ఇట్టివ్వండి. ఇంకెవరో నింపకముందే ఆ ఖాళీ నేనే నింపుకుంటాను.”