దింపుడు కల్లం కాడ పిలుపు

వరంగల్‌లో పత్తి మిల్లు పక్క వాడ. రేపు మిల్లు చైర్మన్ రాజేశ్వర్ రావుకు వీడ్కోలు సభ. ఆఫీసు నుంచి వచ్చిన హారిక, సభలో మాట్లాడవలసిన మొగిలమ్మ, ఆమె కూతురు భవాని.

“మళ్లీ ఆ లైను ఇడిసిపెట్టినవ్ పెద్దమ్మా.”

“ఏ లైను బిడ్డా?”

“అదే, దింపుడు కల్లం లైను. పాడె మోసిండు అనే దాక మంచిగ చెప్తవ్. ఆ తర్వాత సక్కగ బొంద కాడికి దుంకుతవ్. ఇది మూడోసారి.”

“యాదికుంటలేదు. సదువుకున్నదాన్ని గాదు గద.”

“ఇండ్ల సదువు ఏమున్నది, నీ ఇంట్ల జరిగిన ముచ్చటనే. మళ్లొకసారి మొదటి నుంచి చెప్పు. నేను ఫోన్ల టైం చూస్త. రెండు నిమిషాలు.”

“అందరికి నమస్తే. నా పేరు మొగిలమ్మ. మా ఇంటాయన ఈ మిల్లుల ఇరవై రెండేండ్లు పనిచేసిండు...”

“‘నా భర్త గట్టయ్య’ అను.”

“మా ఇంటాయన అంటే సమజైతది తియ్యి. ఇరవై రెండేండ్లు పనిచేసిండు. పదకొండేండ్ల కింద పత్తి ప్రెస్సుల పడి సచ్చిపోయిండు.”

“గట్ల అనకు. ‘ప్రమాదంలో మమ్ముల ఇడిసిపోయిండు’ అను. ప్రెస్సు ముచ్చట వద్దు.”

“ప్రెస్సులనే గద సచ్చిపోయింది.”

“అవును పెద్దమ్మా, కాని పండుగ లెక్క చేస్తున్నం. ముందటికి పో.”

“ఇడిసిపోయిండు. దవాఖాన నుంచి పీనుగను ఇంటికి తెచ్చేసరికి చైర్మన్ సారు మా ఇంటి ముంగటనే ఉన్నడు. చెప్పులిడిసి లోపటికొచ్చి చాప మీద కూసున్నడు. పాడె లేపంగ తన భుజం పెట్టిండు. బొందలగడ్డ దాక భుజం మార్చలే. తన చేతులతోని మట్టి పోసిండు. మా సారు సల్లగుండాలె.”

“పాయె. మళ్లీ దుంకినవ్.”

“గంత చెప్పిన గద. చాలదా?”

“చాలదు. అసలు ముచ్చటే అది. ‘దింపుడు కల్లం కాడ, కన్నకొడుకు లెక్క, సారు నా భర్త చెవుల పేరు పెట్టి మూడుసార్లు పిలిచిండు.’ గీ ఒక్క లైను. బ్యానర్ మీద ఏం రాసినమో చూసినవా? ‘పేరు పెట్టి పిలిచే పెద్దమనిషి’. సన్మాన పత్రంల అదే, వీడియోల అదే. సారు ఏ మీటింగుకు పోయినా అదే చెప్తడు, మిల్లంటే మిషన్లు గాదు, మనుషులు, వాళ్ల పేర్లు ఎరుకుండాలె అని. బోర్డు వాళ్లు హైదరాబాద్ నుంచి ఇది ఇందామనే వస్తాండ్రు.”

“వాళ్లనే చెప్పుమను మరి.”

“అక్కా, ముందుగాల చాయ్ తాగు. అమ్మా, ఎందుకే గిట్ల సతాయిస్తవ్? ఒక్క మాట, అయిపోతది.”

“నువ్వు లోపటికి పో భవాని. కూర మాడుతాంది.”

“కూర పెట్టనే లే నువ్వు.”

“పెద్దమ్మా, నాకు సమజైంది. పెనిమిటి పేరు నోట్లకెళ్లి వస్తలేదు, గంతేనా? మా అమ్మమ్మ గూడ అంతే. రేషన్ షాపు కాడ తాత పేరు అడిగితే నన్ను ముందటికి తోస్తది. నువ్వు పేరు చెప్పకు. ‘పేరు పెట్టి’ అను, చాలు.”

“అదొక్కటే గాదు.”

“మరేంది? జర ఖుల్లా చెప్పు. రేపు నువ్వు ఆ మాట ఇడిసిపెడితే మాటపడేది నేను. ఇంకొకటి, చెప్పొద్దు గాని చెప్తున్న. నువ్వు మాట్లాడినంక సారు స్టేజీ మీదనే భవానికి పర్మినెంట్ ఆర్డరు ఇస్తడు. ల్యాబుల ఉద్యోగం. టైపు చేసింది నేనే. దిగిపోయే ముంగట సారు పెట్టే ఆఖరి సంతకం అది. ఎల్లుండి నుంచి వచ్చే కొత్తాయనకు భవాని ఎవలో, నువ్వెవలో.”

“ఇన్నవా అమ్మా? డిగ్రీ చేసి రెండేండ్ల సంది క్యాంటీన్ల ప్లేట్లు కడుగుతాన్న.”

“ఇన్న.”

“మరి చెప్పరాదే.”

“నువ్వు చెప్తవా? నువ్వు గూడ ఉంటివి గద ఆడ. చెప్పు.”

“చిన్నదాన్ని. నాకు యాది లేదు.”

“పన్నెండేండ్లుండె నీకు.”

“యాది లేదంటాన్న గద.”

“ఏంది? ఏం జరిగింది ఆడ? భవానీ?”

“ఏం లేదక్కా.”

“పెద్దమ్మా, సారు పిలిచిండా, పిలవలేదా?”

“పిలిచిండు బిడ్డా. పిలవలేదంటే కండ్లు పోతయి. పాడె దించినంక, పాణం ఏడన్న ఒక మూలకుంటే లేస్తడని దగ్గరోళ్లు చెవుల పేరు పెట్టి పిలుస్తరు. నీకు ఎరుకే గద.”

“ఎరుకే.”

“మాకు కొడుకు లేడు. ఈ పొల్లనే పిలవాలె. వంగింది గూడ. అంతల యూనియన్ యాకయ్య, ‘జరుగు బిడ్డా, సారే పిలుస్తడు, ఇంతకంటె ఏం కావాలె’ అని దీని రెక్క పట్టి పక్కకు గుంజిండు. సారు తెల్లబట్టలతోని మట్టిల మోకాళ్ల మీద కూసున్నడు. ఏడుస్తాండు. నిజంగనే ఏడ్చిండు, దొంగేడుపు గాదు. చెవు కాడ నోరు పెట్టి, ఆగిండు. తలెత్తి నా దిక్కు చూసిండు. ‘పేరేందమ్మా’ అన్నడు.”

“నిన్నడిగిండా? సారుకు పేరు ఎరుకలేదా?”

“అయిదు వందల మంది మిల్లు. ఎట్ల ఎరుకుంటది? అది తప్పు గాదు.”

“మరి నువ్వు చెప్పినవా?”

“నా నోట రాలే. పెండ్లయిన కాడికెళ్లి ఒక్కనాడు పలికినదాన్ని గాదు. పెనిమిటి పేరు పలికితే ఆయుష్షు తక్కువైతదని మా అత్త చెప్పింది. ఆ ఘడియల గూడ అదే భయం. సచ్చినోని ఆయుష్షు తక్కువైతదని భయపడ్డ బిడ్డా. నా తెలివి గట్లున్నది.”

“వేరేటోళ్లన్న చెప్పిండ్రా?”

“సారు ఆగలే. పొద్దుగాల మేనేజరు ఫోన్ల చెప్పిన పేరు మతికొచ్చినట్టుంది. ‘రాయమల్లూ’ అన్నడు.”

“రాయమల్లు ఎవలు?”

“భవాని నాయన దోస్తు. ఆ దినం రాయమల్లు బిడ్డకు జెరం. ఆయన కార్డు పట్టుకొని ఆయన డ్యూటీకి ఈయన పోయిండు. గేటు రిజిస్టర్ల సచ్చింది రాయమల్లే. తర్వాత ఆఫీసుల పేరు మార్చి రాసుకున్నరు. ఆ పిలుపును ఎట్ల మారుస్తరు?”

“మూడుసార్లు గట్లనే పిలిచిండా?”

“మూడుసార్లు. రాయమల్లూ, రాయమల్లూ, రాయమల్లూ. గట్టిగ. అందరికి ఇనబడ్డది. పాడె అవుతల కొస మోసుకొచ్చిన రాయమల్లుకు గూడ ఇనబడ్డది. మనిషి ఆడికాడనే బిగుసుకపాయె. తెల్లారి సంది మిల్లు గేటు తొక్కలే. నర్సంపేట దిక్కు కూలి చేసుకుంటాండట. ఎవలన్న పేరు పెట్టి పిలిస్తే ఇప్పటికి పలకడట.”

“ఒక్కరు... ‘సారూ, ఆ పేరు గాదు’ అని ఒక్కరన్న చెప్పలేదా?”

“ఎవలు చెప్తరు? అంత పెద్దమనిషి మా మట్టిల కూసోని ఏడుస్తాంటే, నలుగుర్ల ఆయన తలదించుకునేటట్టు ఎవలు చేస్తరు? యాకయ్య నేల చూసిండు. మేస్త్రీ నేల చూసిండు. నేను గూడ. మంచోడు గాబట్టే చెప్పలేకపోయినం. చెడ్డోడైతే ఆడనే తిట్టెటోళ్లం. ఆ తర్వాత కరోనల గూడ ఒక్కన్ని పనిల నుంచి తీయలే సారు. దవాఖాన ఖర్చు పెట్టిండు. అసొంటోని మీద ఎట్ల నోరు లేస్తది? నా మొగని పాణం కంటె సారు మర్యాదనే పెద్దగ కనబడ్డది నాకు. అదే నా సిగ్గు. సారు మీద కోపం లేదు. నా మీదనే.”

“అంటే మిల్లుల అందరికీ...”

“అందరికి ఎరుకే. రేపు కుర్చీలల్ల కూసునేటోళ్లందరికి ఎరుకే. ఎరుక లేనిది సారుకు. ఇగ నీకు, నువ్వు మొన్నమొన్ననే వస్తివి. ఆయన ఆ ముచ్చట చెప్పినప్పుడల్ల మావోళ్లు చప్పట్లు కొడుతనే ఉన్నరు.”

“ఆ లైను నేనే రాసిన పెద్దమ్మా. మంచిగ కుదిరిందని సంబురపడ్డ.”

“నీకేం ఎరుక బిడ్డా. సారు చెప్పిందే రాసినవ్.”

“తీసేస్త. రేపు ఎవలన్న అడిగితే, నువ్వు భయానికి మరిచిపోయినవని చెప్త.”

“తీసేస్తే ఆర్డరు, అక్కా?”

“తెలువదు భవానీ. అబద్ధమెందుకు చెప్పాలె. నిన్న సారు నాకే ఫోన్ చేసిండు. ఇంకేం అడగలే. ‘ఆమె ఆ మాట చెప్తది గద’ అన్నడు. రెండుసార్లు అడిగిండు.”

“గట్లడిగిండా.”

“అమ్మా, నాకా ఉద్యోగం వద్దు.”

“ఇప్పుడే గద చెప్పుమంటివి.”

“వద్దు. నాకు యాదుంది. అంతా యాదుంది. యాకయ్య కాక చెయ్యి ఇడిపిచ్చుకొని నేను పిలవాల్సింది. నేను పిలిస్తే నాయన లేసెటోడు అనిపిస్తది ఇప్పటికి.”

“లేవడు బిడ్డా. నడుము దాక నలిగిన మనిషి ఎట్ల లేస్తడు?”

“తెలుసు.”

“నాకు గూడ తెలుసు. తెలిసి గూడ, పరాయోని పేరు ఇని, నన్ను గాదు అనుకొని పండుకున్నడేమో అనిపిస్తది. ఇగ నిద్ర రాదు.”

“పెద్దమ్మా, ఏడువకు. ఇగో చూడు, ఆ లైను కొట్టేస్తాన్న.”

“కొట్టెయ్యకు. చెప్తా.”

“వద్దే అమ్మా.”

“నువ్వు ఊకో. ఇన్నేండ్లు మిల్లంత మోసిన అబద్ధం, నేను రెండు నిమిషాలు మోస్తే భుజం ఇరగదు. గాని హారికా, ‘పేరు పెట్టి’ అని నేను చెప్పను. పేరే చెప్తా. సారు ఎట్ల పిలిచిండో చూపెట్టినట్టు నేనే పిలుస్త, మూడుసార్లు.”

“నాయన పేరు... నువ్వు పలుకుతవా?”

“ఇంక తక్కువయ్యేటందుకు ఆయన ఆయుష్షు ఏం మిగిలింది? సభ మిల్లు గ్రౌండులనే గద బిడ్డా?”

“ఆ, ఆడనే. పొద్దటి సంది మైకులు, బాక్సులు కడుతాండ్రు.”

“గోడకు అవుతలనే బొందలగడ్డ. ఒక బాక్సు అటు దిక్కు తిప్పి కట్టుమను.”