లెక్క వచ్చిన చెయ్యి

(పదో తరగతి గది. బోర్డు దగ్గర లెక్కల మాస్టారు, ఆయన ముందు, తరగతిలోకెల్లా చురుకైన చెల్లెలు. మూడో బెంచీలో ఆమె అక్క. కిందటేడు లెక్కల్లో తప్పి, ఇప్పుడు చెల్లెలితో పాటే అదే తరగతి మళ్ళీ చదువుతోంది.)

“ఎక్స్ స్క్వేర్ మైనస్ ఏడు ఎక్స్ ప్లస్ పన్నెండు, సున్నాకి సమానం. ఎక్స్ ఎంత? ఇది నీకు రాదా?”

“రాదు సార్.”

“నా మొహం చూసి చెప్పు.”

“రాదు సార్... మర్చిపోయాను.”

“మర్చిపోయావా! మొన్నమొన్నటిదాకా నేను రాయడం పూర్తికాకముందే జవాబు చెప్పేదానివి.”

“తలనొప్పిగా ఉంది సార్.”

“నిన్న?”

“నిన్న కూడా...”

“లెక్కల గంటకే వస్తుందా ఆ నొప్పి? సైన్సు టీచరు దగ్గర రాదే? ఎప్పుడు మొదలైందో నేను చెప్పనా? ఏమర్రా, నా క్లాసులో పద్ధతేమిటి? అందరూ చెప్పండి. లెక్క వచ్చినవాళ్ళు?”

“రానివాళ్ళ చెంప మీద కొట్టాలి సార్!”

“ఆ. సోమవారం ఈవిడగారికి వచ్చింది, వాళ్ళక్కకి రాలేదు. కొట్టమంటే ఈగని తోలినట్టు కొట్టింది. మళ్ళీ కొట్టించాను.”

“రెండోసారి గట్టిగానే కొట్టాను సార్...”

“కొట్టావు. మీ అక్క చెవిపోగు ఊడి కిందపడింది. అప్పట్నుంచీ నీకు లెక్కలు రావడం మానేశాయి.”

“అది కాదు సార్.”

“అదే. లెక్కల పోటీకి నీ పేరు తీసేయనా?”

“తీసేయండి సార్.”

“అంతదాకా వచ్చిందా! ఏయ్ గుండుసున్నా! మూడో బెంచీ, నిన్నే. లే. విన్నావా? మీ చెల్లి నీమీద జాలిపడి, వచ్చినవి కూడా రావంటోంది.”

“లేదక్కా! నిజంగానే రాదు.”

“నువ్వు నోరుమూసుకో. ఏమ్మా పెద్దదానా, మొన్న నన్నో ప్రశ్న అడిగావు. మళ్ళీ అడుగు, అందరూ వింటారు.”

“వద్దు సార్.”

“అడగమన్నానా?”

“ఈ ఎక్స్‌లూ వైలూ దేనికి పనికొస్తాయి సార్, అన్నాను.”

“నీకెందుకూ పనికిరావులే. చెల్లెలి జాలి ఉందిగా, దాంతో బతికేయ్. రా, బోర్డు దగ్గరికొచ్చి అందర్నీ కాసేపు నవ్వించు.”

“సార్, అక్కని వదిలేయండి. నేను చేస్తాను.”

“ఇప్పుడొచ్చిందా? చెయ్యి. చేసి, వెళ్ళి మీ అక్కని కొట్టు.”

“... రాలేదు సార్.”

“చెల్లీ.”

“ఏంటక్కా?”

“నామీద జాలా?”

“కాదక్కా, ఒట్టు.”

“ఇంట్లో రోజూ కూర్చోబెట్టి నేర్పింది కూడా జాలేనా? పక్కింటివాళ్ళు వింటుండగా, ‘అక్కా, ఇది చిన్నపిల్లలకైనా వస్తుంది’ అంటూ?”

“నువ్వు దెబ్బలు తినకూడదనే అక్కా...”

“తెలిసింది. సుద్దముక్క ఇవ్వండి సార్.”

“ఓహో! ఇదిగో. చూడండర్రా, సున్నా నడిచొచ్చింది!”

“కలిపితే ఏడు రావాలి. గుణిస్తే పన్నెండు రావాలి. మూడు, నాలుగు. ఎక్స్ మూడైనా కావాలి, నాలుగైనా కావాలి. తప్పా సార్?”

“తప్పు లేదు. సరే, పద్ధతి పద్ధతే. నేర్పినదానికి రాదట, నేర్చుకున్నదానికి వచ్చింది. కొట్టు.”

“కొట్టక్కా, పర్లేదు. మెల్లగా కొడితే సార్ మళ్ళీ కొట్టిస్తారు, అందుకని ఒకేసారి... అక్కా, అలా చూడకు. అక్కా, నాకు భయమే... అమ్మా!”

“అబ్బో! ఏయ్, చాలు. చాలన్నానా! చెయ్యి దించు! ఎవరైనా ఆ పిల్లకి నీళ్ళివ్వండర్రా, పెదవి చిట్లింది.”

“అక్కా... నీకోసమే కదక్కా నేను...”

“సార్.”

“ఏంటి? వెళ్ళి కూర్చో.”

“దేనికి పనికొస్తాయో ఇప్పుడు తెలిసింది సార్. ఇంకో లెక్క ఇవ్వండి.”