సముద్రానికి దుబాసీ

ఫాంటీ జాలర్ల ఊరు అనొమాబులో మంగళవారం పడవలు కదలవు. అది సముద్రానికి విశ్రాంతి రోజు, కదలకూడదు, అంతే. అందుకని ఆ రోజు వలలు బాగుచేసుకునే వంకతో మగవాళ్ళంతా కల్లుపాక ముందు చేరతారు. వారంలో మిగతా ఆరు రోజులూ ఎందుకున్నాయో యోఫి బెంట్సిల్‌కి బొత్తిగా అర్థమయ్యేది కాదు. ఇరవై ఏళ్ళు కోర్టులో దుబాసీగా పనిచేసినవాడు. పింఛను వచ్చి నాలుగేళ్ళయినా ఆ నల్లకోటు విడవలేదు. కోటుకి ఇప్పుడు రెండే బొత్తాలు మిగిలాయి గానీ నోటికి మాత్రం అరుగుదల లేదు.

ఆ మంగళవారం ఆయన ఊసుపోక రాలేదు. జడ్జి ఎగ్యిర్ దొంత్విగారు పోయి ఏడాది కావస్తోంది. శనివారం సంవత్సరీకం. ఊరు ఊరంతా నల్లబట్టలు కట్టుకుని కూర్చున్నప్పుడు ఆ మహానుభావుడి జీవితం లేచి చెప్పేదెవరు? బడిపంతులు పదహారు పేజీలు రాసుకుని సిద్ధంగా ఉన్నాడు. పేట పెద్ద క్వెగ్యిర్ మాత్రం, ముందు బెంట్సిల్ ఏం చెబుతాడో విని అప్పుడు తేల్చుదామని పాక ముందు పీట వేసుకు కూర్చున్నాడు. ఆ పదహారు పేజీల కింద తన ఇరవై ఏళ్ళనీ పాతిపెట్టేస్తారేమోనని బెంట్సిల్‌కి నాలుగు రోజులుగా బెంగ.

"నేను గొప్పలు చెప్పను," అని మొదలుపెట్టాడు.

"చెప్పకు మరి," అన్నాడు వల కుడుతున్న జోజో.

"చెప్పనుగనకే నా మాట నమ్మాలి. జడ్జిగారూ మన ఫాంటీ బిడ్డే, సాక్షీ ఫాంటీవాడే, మధ్యలో నువ్వెందుకయ్యా అంటారు. కోర్టు పుస్తకంలోకి ఇంగ్లీషు తప్ప ఇంకో ముక్క ఎక్కకూడదని దొరల రూలు. సాక్షి మన భాషలో చెబుతున్నంతసేపూ ఆయన కళ్ళు మూసుకుని కూర్చునేవారు. నేను ఇంగ్లీషులో చెప్పాక కళ్ళు తెరిచి రాసుకునేవారు. అంటే ఏమిటన్నమాట? ఈ తీరంలో న్యాయం నా నోటి మీదుగా నడిచింది."

"నోరు నొప్పెట్టలేదా మావా?"

"పెట్టింది. ఉప్పునీళ్ళు పుక్కిలించేవాణ్ణి. అదలా ఉంచు. జడ్జీ కాకముందు ఆయన శాసనసభలో ఉన్నారు కదా, అప్పుడు ఏం జరిగిందో ఎరుగుదువా? మన నేలలన్నీ దొరతనానివేనని గవర్నరు ఒక చట్టం పట్టుకొచ్చాడు. దొంత్విగారు లేచారు. పొద్దున్న లేచిన మనిషి మర్నాటి పొద్దు దాకా కూర్చోలేదు. ఏ నేల ఎవరి తాతది, ఆ గట్టు మీద చెట్టు ఏ ముసలమ్మ నాటింది, అన్నీ పేరుపేరునా. పొద్దున్న నల్లగా ఉన్న గవర్నరు మీసం దీపాలు పెట్టే వేళకి తెల్లబడిపోయింది."

"లోపలికి నిన్ను రానిచ్చారా?"

"కిటికీలోంచి చూశాను. రేవులో లివర్‌పూల్ ఓడ బయలుదేరబోతోంది. ఈయన గొంతు విని కెప్టెను లంగరు మళ్ళీ దింపేశాడు. వాక్యం పూర్తయ్యాకే కదులుతానన్నాడు. మూడు రోజులు ఆగింది ఓడ."

"ఉపన్యాసం ఒక్క రోజే అన్నావుగా?"

"ఉపన్యాసం ఒక్క రోజే. ఆ వాక్యమే మూడు రోజులు."

పాకలో నవ్వు లేచింది, మళ్ళీ తనంతట తనే సద్దుమణిగింది. ఆ చట్టం వీగిపోయి ఆ నేలలు నిజంగానే నిలిచాయి. వాళ్ళు కూర్చున్నది కూడా ఆ నేల మీదే. క్వెగ్యిర్ తన ముక్కాలిపీట కొంచెం ముందుకు జరుపుకున్నాడు. అది బెంట్సిల్ కనిపెట్టాడు. ఇక ఆగే మనిషి కాడు.

"జాలరి అటా కేసు చెబుతాను వినండి. కంపెనీ ఆవిరి ఓడ అతని వల చీల్చేసింది. చీల్చింది ఓడ కాదు, సముద్రమే అన్నాడు కంపెనీ లాయరు. జడ్జిగారు ఒక్క క్షణం ఆలోచించి, అయితే సముద్రాన్నే పిలవండి అన్నారు. జవాను మెట్ల మీద నిలబడి మూడు కేకలు వేశాడు. మూడో కేకకి వచ్చింది."

"ఏది?"

"సముద్రం. వీధి వెంట, ఎవరి గుమ్మమూ తడపకుండా, బుద్ధిగా వచ్చింది. మెట్ల దగ్గర టోపీ తీసినట్టు నురగ తీసి పక్కన పెట్టింది. బోనులో పట్టక సగం బయటే నిలబడింది. ప్రమాణం చేయించారు. మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ ఘోషని ఇంగ్లీషులో చెప్పేవాడు దేశం మొత్తం మీద ఎవడున్నాడు?"

"నువ్వున్నావు," అన్నాడు జోజో, చేతిలో సూది గాల్లోనే ఆగిపోగా.

"నేనున్నాను. పొల్లుపోకుండా చెప్పాను. 'వల నేను ముట్టలేదు మహాప్రభో, ఓడే చీల్చింది, అడ్డుపడబోతే నన్నూ చీల్చింది' అంది. తీర్పు అటాకే వచ్చింది. ఇక వెళ్ళవచ్చని జడ్జిగారు సెలవిస్తే, వంగి దండం పెట్టి, ఆయనకి వీపు చూపకుండా వెనక్కి వెనక్కి నడిచిపోయింది. కావాలంటే అటు చూడండి, ఈ రోజుకీ అలా వెనకడుగే వేస్తుంది."

అందరూ రేవువైపు తిరిగారు. అల వచ్చింది. ఒడ్డువైపే ముఖం పెట్టి వెనక్కి వెళ్ళింది.

"అటా నా మొగుడు," అంది పాక వెనక చేపలకి పొగబెడుతున్న ఎకువా. చేతులు తుడుచుకుంటూ ముందుకు వచ్చింది. "ఆ రోజు గోడ పక్కన నిలబడి ఉన్నాను బెంట్సిల్ అన్నా. సముద్రం రాలేదు. నా మొగుడొక్కడే వచ్చాడు. ఒక వల చిరిగిందన్నాడు. ఇంగ్లీషులో నువ్వేమన్నావు?"

బెంట్సిల్ ఉన్న రెండు బొత్తాలూ పెట్టుకున్నాడు.

"నాకు ఇంగ్లీషు రాదు గానీ మిషను బడిలో పది దాకా ఇంగ్లీషు అంకెలు నేర్పారు. ఆ ఒక్క వలకి నువ్వు ఏడు అన్నావు. కళ్ళు మూసుకునే జడ్జిగారు దగ్గారు. ఐదన్నావు. మళ్ళీ దగ్గారు. మూడన్నావు. ఇంకోసారి దగ్గితే ఒకటికి దిగావు. అప్పుడు కళ్ళు తెరిచి రాసుకున్నారు. ఏడే రాసుకుని ఉంటే? మాకు ఒక్క వలే ఉందని ఆ లాయరుకి తెలుసు. నా మొగుణ్ణి అబద్ధాలకోరని గెంటించేవాడు." ఆమె కొంచెం ఆగింది. "ఆ కుర్చీలో పన్నెండేళ్ళు దొరలు ఆయన్ని మన మాట ఒక్కటి మాట్లాడనివ్వలేదు. కానీ విన్నదంతా మన మాటలోనే విన్నారు."

ఆ దగ్గు బెంట్సిల్ ఎన్ని వందలసార్లు విన్నాడో లెక్క లేదు. పాపం జడ్జిగారికి ఉబ్బసమని ఊళ్ళో చెప్పుకొచ్చిందీ తనే. ఇప్పుడు తల వంచుకుని, "ఆయన ఒక్కసారీ కోప్పడలేదు," అన్నాడు. ఆ మాటకి ఎవరూ సందేహం అడగలేదు.

"పంతులు కాగితాల్లో ఇది ఉందా?" అని అడిగాడు క్వెగ్యిర్.

"దగ్గు కాగితాల్లో ఎలా ఉంటుంది?" అన్నాడు జోజో.

"అయితే శనివారం నువ్వే చెప్పు బెంట్సిల్. ఎకువా నీ పక్కనే కూర్చుంటుంది."

"ఆవిడెందుకు?"

"దగ్గడానికి."