మెడలో అట్టబిళ్ళ

(బడి వదిలేశారు. ఆరో తరగతి గదిలో ఒక తల్లి, మాష్టారు.)

“మార్చడం కుదరదమ్మా. ఎవరి మెడలో ఏ మహానుభావుడి పేరున్న అట్ట పడితే, ఏడాదంతా ఆయనే. ఆయన కథ చదవాలి, ఆయనలా మసలుకోవాలి, శనివారం తన వంతు వస్తే లేచి నలుగురిలో చెప్పాలి. రేపటి పౌరులు ఊరికే తయారవుతారా?”

“మీ పద్ధతిని నేనేం తప్పుపట్టట్లేదు మాష్టారూ. మా పెద్దాడూ మీ దగ్గర చదివినవాడేగా. చిన్నదానికి ఆ న్యాయాధికారి వద్దు, అంతే. కాస్త మెత్తటివాళ్ళెవరూ లేరా?”

“ఆయనకేమొచ్చింది?”

“కన్నకొడుకులకే శిక్ష వేశాడటగా! ఇది అన్నం తినేటప్పుడు కూడా ఆ అట్ట తియ్యదు. కంచం ముందు కూర్చుని, ‘తప్పు చేసినవాడు మనవాడైతే ఏం చెయ్యాలమ్మా?’ అంటుంది. ముద్ద దిగుతుందా మాకు?”

“మంచి ప్రశ్నే.”

“మీకు మంచిదే.”

“ఇంట్లో ఎవరైనా తప్పు చేశారా?”

“ఎవరన్నారు? ఎవరూ చెయ్యలేదు. మాటవరసకి అన్నా. పోనీ వేరే ఎవరున్నారో చెప్పండి.”

“సేనాని ఉన్నాడు. శత్రువులకి పట్టుబడితే, ‘ఒక్కసారి ఇంటికెళ్ళి తిరిగొస్తాను’ అని మాటిచ్చాడు. ఇంటికొచ్చాడు. అందరూ కాళ్ళావేళ్ళా పడ్డా ఆగకుండా మళ్ళీ వెళ్ళాడు.”

“వెళ్తే?”

“చంపేశారు.”

“ఛ, ఛ! పిల్లలకి చెప్పే కథేనా అది? బతికి బట్టకట్టినవాడు ఒక్కడూ లేడా మీ పుస్తకాల్లో?”

“అసలు సంగతి చెప్పండమ్మా. రేపు మీ అమ్మాయి వంతు. ఈలోపు మీరు...”

“అందుకేగా పరిగెత్తుకొచ్చాను! రేపు దాన్ని లేపకండి. మీకు పుణ్యముంటుంది. ఆ గోదాముల కావలి తాత...”

“పాపం, మొన్న చీకటివేళ ఏదో వ్యాను గుద్దిందని...”

“ఊఁ.”

“మీ నీళ్ళ డబ్బాల వ్యానా?”

“మెల్లగా! కిటికీ తెరిచుంది. మా పెద్దాడు కావాలని చెయ్యలేదు మాష్టారూ, దీపాలు కూడా వేసే ఉన్నాయి. చిన్నది పక్క సీట్లోనే ఉంది. అంతా చూసింది.”

“ఆపకుండా వచ్చేశాడా?”

“ఆపాడు! దిగాడు, నోట్లో నీళ్ళు పోశాడు. ‘ఇప్పుడే మనుషుల్ని తీసుకొస్తా తాతా, తప్పకుండా వస్తా’ అన్నాడట. ఇంట్లోకొచ్చి సంగతి చెప్పాడు. తలుపేసి గొళ్ళెం పెట్టింది నేనే. వెళ్తానని ఎంత మొత్తుకున్నా తియ్యలేదు.”

“వెంటనే తీసుకొస్తే బతికేవాడని డాక్టరు...”

“తెలుసు. తాత కొడుకులకీ తెలుసు. గోదాముల ముందు కర్రలు పట్టుకుని కూర్చున్నారు. గుద్దినవాణ్ణి పోలీసుల చేతికి కూడా ఇవ్వరట, దొరికిన చోటే పాతేస్తారట.”

“మరి అబ్బాయెక్కడ?”

“పొద్దున్నే మా తమ్ముడి ఊరికి బస్సెక్కమని పంపేశా. ఫోనెత్తట్లేదు. బస్సు మోతలో వినపడదు కదూ? ‘నీకన్నీ చెడ్డ ఆలోచనలే’ అని మా ఆయన కసురుకుంటారు. వినపడదులెండి. అంతే అయ్యుంటుంది.”

“అమ్మా...”

“నిన్ను గేటు దగ్గరుండమన్నానా! విన్నావా అంతా? చూడు తల్లీ, రేపు నువ్వేం చెప్పకూడదు. మాష్టారు నీకు వేరే అట్ట ఇస్తారు.”

“నేను చెప్పనమ్మా. అన్నయ్య వద్దన్నాడు.”

“చూశారా మాష్టారూ, నా మాట లెక్కలేకపోయినా అన్న మాట విన్నది. బంగారుకొండ!”

“తనే చెప్పుకుంటానన్నాడు.”

“ఎవరికే? ఏం చెప్పుకుంటాడు?”

“సార్, అన్నయ్య ఈ గదిలో ఉన్నప్పుడు మీరు ఎవరి అట్ట ఇచ్చారో గుర్తుందా?”

“ఏమోనమ్మా... ఎంతమంది పిల్లలు, ఎన్ని అట్టలు...”

“సేనానిది. ఇంకా దాచుకున్నాడు. పొద్దున చొక్కా లోపల వేసుకున్నాడమ్మా. బస్టాండు వైపు వెళ్ళలేదు, గోదాముల వైపు వెళ్ళాడు. తాతకి వస్తానని మాటిచ్చాడుగా.”